మా తమ్ముడి దివ్యాంగుల పింఛను నిలబడిన విధం

ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా పింఛను పథకం కింద దివ్యాంగులకు నెలకు 6,000 రూపాయలు అందాలంటే సదరం ధ్రువపత్రంలో (ప్రభుత్వ వైద్యులు పరీక్షించి వైకల్య శాతాన్ని తేల్చి ఇచ్చే పత్రం) వైకల్యం కనీసం 40 శాతం ఉండాలి. మంచానికో చక్రాల కుర్చీకో పూర్తిగా పరిమితమైనవారికిచ్చే 15,000 రూపాయల విభాగం వేరు. 2025లో జరిగిన పునఃపరిశీలనలో, పోలియోతో కుడికాలు చచ్చుబడిన మా తమ్ముడికి 35 శాతమే వేసి, పింఛను రద్దవుతుందని నోటీసు ఇచ్చారు. ఊతకర్ర లేనిదే గడప దాటలేని మనిషికి ఇది తీరని అన్యాయం. నోటీసుతో పాటు పాత సదరం పత్రం, ఆధార్ నకలు, ఆసుపత్రి చీటీలు జతచేసి ఎంపీడీఓకు (మండల పరిషత్ అభివృద్ధి అధికారికి) అప్పీలు పెట్టుకున్నాము. రసీదు మాత్రం తప్పక అడిగి తీసుకోవాలి. తిరిగి పరీక్షించిన వైద్యులు రెండు కాళ్ల పొడవులో తేడానూ కండరాల బలాన్నీ ఓపికగా కొలిచి 55 శాతంగా నమోదు చేయడంతో పింఛను కొనసాగింది.