చెట్టు పచ్చగానే ఉంది, చెనిక్కాయ మాత్రం లొట్ట

పుంగనూరు, పలమనేరు వైపు చెనిక్కాయ (వేరుశనగ) రైతుల నోట ఏటా వినే మాటే ఇది. చెట్టు గుబురుగా పెరిగింది, పూత బాగా వచ్చింది, పీకి చూస్తే సగం కాయలు గింజ నిండని లొట్ట. వెంటనే మందుల అంగడికి పరుగు. అన్నా, ముందు నాలుగు చెట్లు పీకి గుప్పెడు కాయలు ఒలిచి చూడు. ఆ ఒక్క పనీ ఎవరూ చేయరు.

గింజను రెండు బద్దలు చేస్తే మధ్యలో మొలక నల్లగా ఉందా, కాల్షియం లోపమే. బద్ద లోపల గుంటపడి గోధుమరంగు తిరిగితే బోరాన్ లోపం, అది తక్కువే. కాయ మీదా ఊడ (పూత నుంచి మట్టిలోకి దిగి కాయగా మారే కాడ) మీదా నల్లమచ్చలు, ఊడలు కురచగా ఉంటే కాళహస్తి తెగులు, నులిపురుగుల పని. అదీ అరుదే.

ఎక్కువసార్లు తేలేది కాల్షియమే. "డీఏపీ వేశా కదా" అంటారు. డీఏపీలో ఉండేది నత్రజని, భాస్వరం. కాల్షియం, గంధకం కావాలంటే సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ వేయాలి. సూపర్ మూట పోయి డీఏపీ మూట వచ్చిన సంగతి మరిచిపోయి వాన మీద నెపం పెడతారు.

వాన తప్పూ లేకపోలేదు. ఆకులో ఉన్న కాల్షియం కాయకు దిగదు. ఊడ, లేత కాయ తమ చుట్టూ ఉన్న పైమట్టి నుంచే దాన్ని పీల్చుకోవాలి, అదీ పదును ఉంటేనే. ఊడలు దిగే వేళ బెట్ట వచ్చిందంటే వేర్లు లోతు తేమతో చెట్టును పచ్చగా నిలబెడతాయి, పైన రెండు మూడు అంగుళాల మట్టి మాత్రం పొడిపొడి. అందుకే పచ్చటి చెట్టు కింద లొట్ట కాయలు. ఆకుల మీద కాల్షియం పిచికారీ కొట్టడం డబ్బు దండగ.

దుక్కిలో ఎకరాకు సూపర్ 100 కిలోలు, యూరియా 18, పొటాష్ 33. మెట్టపైరుకు అంతే. పొటాష్ ఎక్కువేస్తే అది కాల్షియానికి అడ్డుపడుతుంది, యూరియా ఎక్కువైతే తీగే పెరుగుతుంది. పూత దశలో, విత్తిన 30 నుంచి 45 రోజుల లోపు, వాన పడి పదునుండగా కాల్షియం, గంధకం ఉండే జిప్సం ఎకరాకు 200 కిలోలు మొదళ్ల పక్కన సాళ్లలో వేసి, కలుపు తీస్తూ మట్టి ఎగదోయండి. బోరు ఉన్నవాళ్లు వాన కోసం చూడకుండా ఒక తడి ఇవ్వండి. 45 రోజులు దాటాక గుంటక తోలొద్దు, ఊడలు తెగుతాయి. ఇప్పటికే లొట్టపోయిన కాయ ఇక నిండదు, జిప్సం అక్కరకొచ్చేది వెనక దిగే ఊడలకే.