ఏవియానిక్స్ టెక్నీషియన్ అవ్వాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఓర్వకల్లులో 2021లో విమానాలు దిగడం మొదలైనప్పటి నుంచి, మా కర్నూలు పిల్లలు "అన్నా, విమానాల్లో ఉద్యోగం అంటే పైలటే కావాలా?" అని అడుగుతున్నారు. అక్కర్లేదు. రేడియో, వాతావరణ రాడార్, ఆటోపైలట్, కాక్‌పిట్ తెరలు, వీటన్నిటికీ పోయే వైరింగు, ఇదంతా చూసుకునేవాళ్లే ఏవియానిక్స్ వాళ్లు.

ముందు చదువు. ఇంటర్‌లో ఎంపీసీ ఉంటే చాలు. పదో తరగతి తర్వాత పాలిసెట్ రాసి ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) డిప్లొమా చేసినవాళ్లకూ దారి ఉంది, నన్నడిగితే వీళ్లకే కాస్త సులువు, ఎందుకంటే సర్క్యూట్లు మూడేళ్లు చేత్తో పట్టుకుని ఉంటారు.

తర్వాత లైసెన్సు. మన దేశంలో ఇది విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ చేతిలో ఉంటుంది, ఏవియానిక్స్ వాళ్లది బీ2 కేటగిరీ, ఇంజిన్ వైపు వెళ్లేవాళ్లది బీ1. ఫీజు కట్టేముందు ఆ కాలేజీకి కార్-147 (విమాన మెయింటెనెన్స్ శిక్షణ సంస్థల నిబంధన) కింద అనుమతి ఉందా, అదీ బీ2కి ఉందా అని డీజీసీఏ వెబ్‌సైట్‌లోని జాబితాలో మీరే చూసుకోండి, బ్రోషర్‌లో రాసింది నమ్మొద్దు. మా వీధిలో ఒకబ్బాయి చూసుకోకుండా చేరి, రెండేళ్లయ్యాక ఆ సర్టిఫికెట్ లైసెన్సుకు పనికిరాదని తెలుసుకున్నాడు.

పరీక్షలు మాడ్యూళ్లుగా ఉంటాయి, ఒక్కోదాంట్లో 75 శాతం రావాలి. మన ఇంటర్‌లోలాగా 35తో గట్టెక్కడం ఇక్కడ కుదరదు. అనుమతి ఉన్న కోర్సు పూర్తి చేస్తే, పైన రెండేళ్లు నడుస్తున్న విమానాల మీద అనుభవం చూపించాలి. కోర్సు లేకుండా వస్తే అది ఐదేళ్లు. లైసెన్సు లేనంతకాలం మీరు చేసిన పనికి ఇంకొకరు సంతకం పెడతారు.

నైపుణ్యాల సంగతికొస్తే, ఇంట్లోనే మొదలుపెట్టొచ్చు. ఒక మల్టీమీటర్, ఒక సోల్డరింగ్ ఐరన్, పాడైన రేడియో కొనుక్కోండి. వైరు తెగిందా, షార్ట్ అయిందా, కనెక్టర్‌లో పిన్ను వదులైందా అని ఒక్కో అనుమానాన్నీ కొట్టేసుకుంటూ పోవడం అలవాటు చేసుకోవాలి. ఈ పనిలో సగం కష్టం అక్కడే. బాక్సు మార్చేస్తే అయిపోతుందనుకుని లక్షల ఖరీదు చేసే యూనిట్ తీసేస్తారు, తీరా చూస్తే తప్పు వైరుది!

ఇంకో చిన్న విషయం, ఇంటర్వ్యూలో అడుగుతారు కూడా. మన ఇంట్లో కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. చాలా పెద్ద విమానాల్లో 115 వోల్టులు, 400 హెర్ట్జ్. ఎందుకు? ఫ్రీక్వెన్సీ పెరిగితే అదే పవర్‌కు ట్రాన్స్‌ఫార్మర్ చిన్నది సరిపోతుంది, విమానంలో ప్రతి కిలో బరువూ లెక్కే.

ఇంగ్లీషు మాట్లాడటం రాకపోయినా నెట్టుకురావచ్చేమో కానీ, మాన్యువల్ చదవడం మాత్రం రావాల్సిందే. ఎన్నిసార్లు చేసిన పనైనా పేజీ తెరిచి చూసే చేయాలి, "నాకు తెలుసులేప్పా" అనేవాడిని హ్యాంగర్‌లో, అంటే విమానాలు బాగుచేసే షెడ్డులో, ఎవరూ మెచ్చుకోరు. పనయ్యాక టూల్స్ లెక్కపెట్టాలి, ఒక్క స్క్రూడ్రైవర్ తగ్గినా అది దొరికేదాకా ఆ విమానం కదలదు.

మనకు దగ్గర్లో పని అంటే హైదరాబాద్, బెంగళూరు. కర్నూలు వాళ్లకు శంషాబాద్ దగ్గర, అనంతపురం వాళ్లకు బెంగళూరు దగ్గర. షిఫ్టులు రాత్రిళ్లే ఎక్కువ, పగలు విమానాలు ఎగురుతుంటాయి కదా. ఇంట్లోవాళ్లకు ఆ సంగతి ముందే చెప్పి చేరండి.