దత్తత వెళ్లినవాళ్లు కన్నవాళ్లను వెతకడం ఎలా?

పెళ్లి మాటల్లో గోత్రం అడిగినప్పుడో, డాక్టరు “మీ ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉందా?” అన్నప్పుడో ఈ ప్రశ్న గుచ్చుకోవడం మొదలవుతుంది. పద్దెనిమిదేళ్లు దాటితే వెతకడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అయినా పెంచినవాళ్లకు ముందే చెప్పండి. బీరువా తాళాలు వాళ్ల దగ్గరే ఉంటాయి, కాగితాలుండేది ఆ బీరువాలోనే.

1. ఏ దారిన వచ్చారో తేల్చుకోండి

బంధువుల్లోనే దత్తత ఇచ్చి ఉంటే రిజిస్టరైన దత్తత పత్రం ఉందేమో చూడండి, కన్నవాళ్ల పేర్లు అందులో దొరుకుతాయి. పత్రం లేకపోయినా ఇంట్లో పెద్ద మేనత్తను కదిపితే చాలావరకు తేలిపోతుంది.

శిశుగృహ నుంచో, దత్తత సంస్థ నుంచో వచ్చినవాళ్లయితే ఫైల్లో ఒక్క మాట వెతకాలి: ‘సరెండర్’ చేసిన (కన్నవాళ్లే అప్పగించిన) బిడ్డా, ‘దొరికిన’ బిడ్డా? ఇప్పటి చట్టం ప్రకారం సరెండర్ చేసేవాళ్లు బాలల సంక్షేమ కమిటీ ముందు సంతకం పెడతారు, మనసు మార్చుకోవడానికి 60 రోజుల గడువుంటుంది. కాబట్టి వివరాలు ఉంటాయి. దొరికిన బిడ్డ అయితే పేర్లు ఉండవు. తేదీ, చోటు, పోలీస్ స్టేషన్, పేపర్లో వేసిన ప్రకటన, వీటితోనే మొదలుపెట్టాలి.

ఒక హెచ్చరిక. 1999లో, మళ్లీ 2001లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లంబాడా తండాల ఆడపిల్లలను డబ్బిచ్చి కొని దత్తతకు పంపుతున్నారన్న వ్యవహారాలు బయటపడ్డాయి. ఆ కాలపు ఫైల్లో తల్లి వేలిముద్ర కనిపించినంత మాత్రాన ఆమె ఇష్టపడే ఇచ్చిందని అనుకోకండి.

2. కారాకు దరఖాస్తు పెట్టండి

కేంద్ర దత్తత వనరుల సంస్థను అందరూ ‘కారా’ అంటారు. మూలాల అన్వేషణకు అక్కడ ఆన్‌లైన్‌లో అడగవచ్చు. మిమ్మల్ని దత్తత ఇచ్చిన సంస్థ మూతపడి ఉంటే జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి వెళ్లి పాత ఫైళ్లు ఎక్కడికి చేరాయో కనుక్కోండి. 2022 నిబంధనల ప్రకారం, తన పేరు చెప్పొద్దని తల్లి అప్పట్లో కోరి ఉంటే ముందు ఆమె సమ్మతి తీసుకుంటారు. ఆమె కాదన్నా, ఆచూకీ దొరక్కపోయినా, ఏ పరిస్థితుల్లో అప్పగించారో మాత్రం మీకు చెప్పాలి. మీ తరఫున మూడో మనిషి వెతకడానికి ఆ నిబంధనలు ఒప్పుకోవు. డబ్బిస్తే పట్టిస్తామనే డిటెక్టివ్‌ల జోలికి పోకండి.

3. డీఎన్ఏ పరీక్ష

నర్సింగ్ హోమ్ ఆయమ్మ చేతుల మీదుగా వచ్చినవాళ్లకు కాగితాలే ఉండవు, మిగిలేది ఇదే. పరీక్ష చేసే వెబ్‌సైట్ మీ డీఎన్ఏను అక్కడ పరీక్ష చేయించుకున్న మిగతావాళ్లతో పోల్చి, ఎంత కలిసిందో సెంటీమోర్గాన్ల కొలతలో చెబుతుంది. తల్లీబిడ్డల మధ్య సుమారు 3,500 సెంటీమోర్గాన్లు కలుస్తాయి, పెదనాన్న పిల్లలతో దాదాపు 850. అయితే ఈ లెక్కలు మన ఇళ్లకు అచ్చంగా సరిపోవు. మేనరికాలూ, మేనమామ పెళ్లిళ్లూ తరతరాలుగా జరిగిన చోట రక్తం రెండు వైపుల నుంచీ కలుస్తుంది, దూరపు చుట్టం కూడా దగ్గరవాడిలా కనిపిస్తాడు. వెబ్‌సైట్ చూపించిన వరసను నమ్మి ఫోన్ తీయకండి.

4. మొదటి కబురు

అసలు కష్టమంతా ఇక్కడే. కన్నతల్లికి భర్త, పిల్లలు ఉండవచ్చు, వాళ్లకు మీ సంగతి తెలియకపోవచ్చు. నేరుగా ఊళ్లోకి వెళ్లి కిళ్లీ కొట్టు దగ్గర ఆవిడ పేరు అడిగితే సాయంత్రానికి ఊరంతా తెలిసిపోతుంది. ఫేస్‌బుక్‌లో పెట్టడం అంతకంటే ఘోరం. అధికారుల ద్వారానే చిన్న ఉత్తరం పంపండి: బాగున్నానని, చూడాలనుందని, ఆస్తి కోసం రాలేదని. ఆ చివరి మాట తప్పకుండా రాయండి, తోబుట్టువులకు ముందు వచ్చే అనుమానం పొలం వాటా గురించే. చట్టప్రకారం దత్తతతో పుట్టింటి బంధం తెగిపోతుందని వాళ్లకు తెలియకపోవచ్చు.

జవాబుకు నెలలు పట్టవచ్చు. కలిసే రోజు వస్తే ఇల్లు వద్దు, ఆఫీసు గదే నయం. ‘అమ్మా’ అనాలా, ‘మీరు’ అనాలా అని ముందే బెంగపడకండి, ఆ క్షణానికి నోట ఏది వస్తే అదే.

కలిశాక కూడా ల్యాబ్ పరీక్ష మానకండి. నాకు తెలిసిన ఒకమ్మాయి ఎదుట కూర్చుంటే, ఆ తల్లి ఏమీ మాట్లాడకుండా ఆమె జుట్టు పక్కకు తోసి చెవి వెనక పుట్టుమచ్చ కోసం చూసిందట. మచ్చ లేదు. ఇద్దరికీ నోట మాట రాలేదు. తల్లీకూతుళ్లేనని పరీక్షలో తేలాక ఆవిడకు గుర్తొచ్చింది, ఆ మచ్చ పెద్దపిల్లదని.