బరువు పెరిగిన గుర్రానికి కేలరీలు తక్కువగా ఉన్న పోషక మిశ్రమాన్ని ఎలా ఎంచుకోవాలి?

గుర్రం లావెక్కిందని తెలియగానే చాలామంది ముందుగా దాణా ఆపేస్తారు. అది సరైన పనే. అయితే రాగి, జింకు, సెలీనియం అనే ఖనిజాలు, ప్రోటీన్‌లో భాగమైన లైసిన్ వంటి వాటిలో దాణా ద్వారా అందే వాటా కూడా దాంతోపాటే ఆగిపోతుంది. ఎండుగడ్డిలో ఇ విటమిన్ ఎలాగూ నిలవదు. ఈ లోటును కేలరీలు పెరగకుండా పూడ్చడమే పోషక మిశ్రమం పని. బరువు తగ్గించే పని దానిది కాదు, గడ్డి కొలతదీ వ్యాయామానిదీ.

ముందుగా గుర్రం నిజంగా ఎంత లావుగా ఉందో చూడండి. 1983లో వెలువడిన హెన్నెకి పట్టిక 1 నుంచి 9 వరకు అంకెలు ఇస్తుంది. 5 ఉంటే సరైన ఒళ్లు, 7 దాటితే జాగ్రత్త పడవలసిన స్థితి. పక్కటెముకలు నొక్కితే గాని చేతికి తగలకపోయినా, జూలు కింద మెడ గట్టిగా ఉబ్బినా, తోక మొదట్లో మెత్తటి కొవ్వు పేరుకున్నా అనుమానించాలి. బరువుకు టేపు చాలు. ఛాతీ చుట్టుకొలతను సెంటీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, భుజం మొన నుంచి పిరుదు మొన వరకు ఉన్న పొడవుతో మళ్లీ గుణించి, 11,880తో భాగిస్తే కిలోలు వస్తాయి. చుట్టుకొలత 190, పొడవు 165 అయితే బరువు సుమారు 501 కిలోలు.

తరువాత గడ్డి లెక్క. సాధారణంగా రోజుకు శరీర బరువులో 1.5 శాతం పొడిమేత (తేమ లెక్కించకుండా మేత బరువు) ఇస్తారు. 500 కిలోల గుర్రానికి ఇది ఎండుగడ్డిగా 8 కిలోలకు కాస్త పైన ఉంటుంది. పశువైద్యుని పర్యవేక్షణ లేకుండా అంతకంటే తగ్గించవద్దు, ఎందుకంటే పస్తు పెడితే, ముఖ్యంగా పోనీలలో, రక్తంలో కొవ్వు ఒక్కసారిగా పెరిగి ప్రాణం మీదికి వస్తుంది. చక్కెర తగ్గించేందుకు గడ్డిని నానబెట్టి ఆ నీరు పారబోస్తే, కొన్ని ఖనిజాలు కూడా ఆ నీటితోనే పోతాయని గుర్తుంచుకోండి.

ఇక మిశ్రమం ఎంపిక. ఇవి ప్రధానంగా రెండు రకాలు: రోజుకు 50 నుంచి 100 గ్రాములు సరిపోయే విటమిన్, ఖనిజ పొడి ఒకటి; అర కిలో నుంచి కిలో వరకు పెట్టవలసిన, ప్రోటీన్ ఎక్కువగా ఉండే బ్యాలెన్సర్ గుళికలు రెండోది. గడ్డి మంచిదై, కొంత లూసర్న్ (ప్రోటీన్ ఎక్కువగా ఉండే పశుగ్రాసం) కూడా అందుతుంటే పొడి చాలు. గడ్డి ముదిరి నాసిగా ఉండి, వీపు మీద కండ తగ్గుతున్నట్లు కనిపిస్తే బ్యాలెన్సర్ మేలు. మామూలు దాణానే సగం మోతాదులో పెడితే సరిపోతుందనుకోవడం పొరపాటు, సగం దాణాలో పోషకాలూ సగమే.

డబ్బా మీది అంకెలను కిలో లెక్కన చూసి మోసపోవద్దు, రోజు మోతాదుకు మార్చి చూడండి. కిలోకు 2,500 మిల్లీగ్రాముల రాగి ఉన్న పొడిని 60 గ్రాములు పెడితే 150 మిల్లీగ్రాములు అందుతుంది. కిలోకు 300 మాత్రమే ఉన్నదాన్ని 50 గ్రాములు పెడితే అందేది 15. 2007 నాటి అమెరికా జాతీయ పరిశోధన మండలి ప్రమాణాల ప్రకారం, పని చేయని 500 కిలోల గుర్రానికి రోజుకు రాగి 100 మిల్లీగ్రాములు, జింకు 400, సెలీనియం 1 మిల్లీగ్రాము, ఇ విటమిన్ 500 యూనిట్లు కావాలి. గడ్డిలో కొంత ఉంటుంది కనుక మిగిలినదే మిశ్రమం నుంచి రావాలి. కేలరీలనూ ఇలాగే లెక్కించండి: 100 గ్రాముల పొడిలో కిలోకు 3,000 కిలోకేలరీలు ఉన్నా రోజుకు చేరేది 300, ఆ గుర్రపు రోజువారీ అవసరమైన సుమారు 16,700లో అది రెండు శాతం లోపే. నూరు మిల్లీలీటర్ల నూనె మాత్రం ఒక్కటే 800 దాటిస్తుంది.

సెలీనియంలో అతి పనికిరాదు. 2009లో ఫ్లోరిడాలో తప్పుగా తయారైన మిశ్రమం ఇవ్వడంతో 21 పోలో గుర్రాలు చనిపోయాయి. కాబట్టి సెలీనియం ఉన్న రెండు ఉత్పత్తులను ఒకేసారి పెట్టకండి.

పదార్థాల జాబితాలో బెల్లపు మడ్డి, బియ్యపు తవుడు, నూనె, బార్లీ ముందు వరుసలో ఉంటే ఆ డబ్బా పక్కన పెట్టండి. గిట్టల వ్యాధి లామినైటిస్ వచ్చిన గుర్రమైతే పిండి పదార్థం, చక్కెర కలిపి 10 నుంచి 12 శాతం లోపే ఉండాలి. రేసు గుర్రాల ఐరన్ టానిక్‌లు అనవసరం, గడ్డిలోనే ఇనుము కావలసినంత ఉంటుంది. చౌక కదా అని పశువుల, కోళ్ల మేతను అసలు వాడవద్దు. అందులో మోనెన్సిన్ అనే మందు కలిసి ఉంటే గుర్రపు గుండె దెబ్బతిని చనిపోతుంది. దాల్చినచెక్క, క్రోమియం వంటివి కొవ్వు కరిగిస్తాయన్న ప్రకటనలకు డబ్బు పెట్టనక్కరలేదని నా అభిప్రాయం.

కొన్న పొడిని తడిపిన గుప్పెడు లూసర్న్ ముక్కల్లో కలిపి, వారం రోజుల్లో కొద్దికొద్దిగా పూర్తి మోతాదుకు తీసుకురండి. సయీసు బెల్లం ముక్కతో బుజ్జగించి తినిపిస్తుంటే ముందు దాన్ని మాన్పించండి. రెండు వారాలకు ఒకసారి అదే టేపుతో కొలవండి. బరువు దిగకపోతే మిశ్రమం మార్చకుండా గడ్డిని మళ్లీ తూచి చూడండి.