సముద్రాన్ని చదవడం, 3వ పాఠం: తిథిని బట్టి పోటు లెక్క, లెక్కకి అందని మిగులు

పోయిన పాఠం చివర మీకో పని చెప్పాను: అమావాస్య నాడు తీరానికి వెళ్లి, పోటు నిండిన టైము రాసుకుని రమ్మని. ఆ టైమునే ఇకనుంచి ‘రేవు గంట’ అందాం. ఇది ఊరూరికీ మారుతుంది. తీరం వంపు, నీటి లోతు, ఏటి మొగ ఎంత దూరం అన్నవాటిని బట్టి పక్క ఊరికీ మీ ఊరికీ తేడా ఉండొచ్చు. అందుకే నేను ఒక అంకె ఇచ్చేయకుండా మిమ్మల్నే చూసి రమ్మన్నాను. కుదరనివాళ్లు వచ్చే పున్నమికి వెళ్లండి. అప్పటి గంట కూడా దాదాపు ఇదే.

చాలామంది తడబడేది ఒక్కచోట: ఏ అలని లెక్కలోకి తీసుకోవాలి? ఒక అల పాదాల దాకా వస్తుంది, తర్వాతది మోకాళ్ల దాకా ఎగురుతుంది. ఒక్క అలని చూసి ఎప్పుడూ రాసుకోవద్దు. పది నిమిషాలు ఓపికగా నిలబడి, అందులో అన్నిటికన్నా పైకి వచ్చిన తడి ఎక్కడిదాకా వచ్చిందో చూడండి. పావుగంటకోసారి అలాగే చూడండి. గుర్తు కొంతసేపు ఒకేచోట నిలిచి, తర్వాత కిందికి దిగడం మొదలవుతుంది. ఆ నిలిచినంతసేపట్లో నడిమి టైమే నిండు పోటు. ఇసుక కూడా చెబుతుంది. పోటెక్కుతున్నప్పుడు నీరు పొడి ఇసుకలోకి ఇంకుతూ చిన్నచిన్న బుడగలు పైకొస్తాయి. పాటు, అంటే నీరు వెనక్కి దిగడం, మొదలయ్యాక అలలకి పైన ఒక నల్లటి తడి పట్టీ మిగులుతుంది, దాని అంచున నురగ, పుల్లలు, నాచు ముక్కలు వరసగా ఆగి ఉంటాయి.

ఇక లెక్క. చంద్రుడు రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తాడు. పోటు కూడా అంతే ఆలస్యమవుతుంది. తిథుల్లో వేసుకుంటే ఇంకా తేలిక: 30 తిథులు తిరిగేసరికి చంద్రుడు పూర్తిగా 24 గంటలు వెనకబడతాడు. అంటే తిథికి 48 నిమిషాలు. ఆ రోజు తిథి అంకెని 48తో గుణించి రేవు గంటకి కలపండి. పున్నమి దాటాక బహుళ పాడ్యమిని మళ్లీ ఒకటిగా లెక్కపెట్టండి.

మీ రేవు గంట ఉదయం 9:00 అనుకుందాం. శుద్ధ పంచమి నాడు 5 × 48 = 240 నిమిషాలు, అంటే 4 గంటలు. పోటు మధ్యాహ్నం 1:00కి నిండుతుంది. మన తూర్పు తీరంలో రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. పోటుకీ పోటుకీ మధ్య 12 గంటల 25 నిమిషాలు. కాబట్టి అంతకుముందు పోటు అర్ధరాత్రి దాటాక 12:35కి వచ్చి వెళ్లింది, రెంటికీ మధ్య పాటు తెల్లారి 6:48 ప్రాంతంలో. అష్టమికి ఇదే లెక్క వేయండి: పోటు మధ్యాహ్నం 3:24కి, పాటు ఉదయం 9:12కి. అమావాస్య నాడు తొమ్మిదింటికి నీళ్లు నిండిన చోటే అష్టమి నాడు అదే టైముకి నీళ్లు వెనక్కి పోయి ఉంటాయి.

మొగలోంచి పడవ దాటించేవాళ్లకి ఈ తేడా ప్రాణంతో సమానం. పాటు మీద మొగలో ఇసుక దిబ్బలు పైకి తేలతాయి, అలలు అక్కడే విరుగుతాయి. కోరింగ మడ అడవిలో చెట్ల వేళ్లు రోజుకి రెండుసార్లు తడిసేదీ ఈ నీటితోనే.

ఎత్తు సంగతి త్వరగా చెప్పేస్తాను. సూర్యుడు కూడా నీటిని లాగుతాడు, చంద్రుడి బలంలో సగానికి కాస్త తక్కువగా. అమావాస్యకీ పున్నమికీ ఇద్దరూ ఒకే వరసలో లాగుతారు, పోటు పెద్దది. అష్టమి దగ్గర అడ్డంగా లాగుతారు, పోటు చిన్నది. అన్నిటికన్నా పెద్ద పోటు సరిగ్గా ఆ రోజే కాకుండా ఒకటి రెండు రోజులు ఆగి వస్తుంది. విశాఖలో పెద్ద పోటు రోజుల్లో కూడా ఎత్తు తేడా మీటరున్నర లోపే. గుజరాత్‌లో భావ్‌నగర్ దగ్గర గరాటులా ఇరుకైన ఖంభాత్ సింధుశాఖలో అది 10 మీటర్లు దాటుతుంది.

మీ లెక్క అష్టమి, నవమి రోజుల్లో అరగంట నుంచి గంట దాకా తప్పొచ్చు. టెన్షన్ పడకండి, ఆ రోజుల్లో లాగుడు బలహీనంగా ఉండి టైము జరుగుతుంది. నేను మిమ్మల్ని గమనించమనేది టైములో తప్పుని కాదు, ఎత్తులో తేడాని. దానికి ఇసుక మీద గుర్తు పనికిరాదు, తీరం నెలకో రకంగా కోసుకుపోతుంది. జెట్టీ స్తంభమో, వంతెన కాలో, కదలని రాయో చూసుకుని దాని మీద గీతలు పెట్టుకోండి. మార్చిలో ఒక అమావాస్య పోటుకి ఒక గీత, నవంబరులో అమావాస్య పోటుకి ఇంకో గీత. నవంబరు గీత స్పష్టంగా పైన ఉంటుంది.

ఆ ఎత్తుని చంద్రుడు తెచ్చిందనుకోలేం. వానాకాలమంతా గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ తెచ్చిన మంచినీరు బంగాళాఖాతం మీద పొరలా పరుచుకుంటుంది. ఉప్పు తక్కువ కాబట్టి తేలిక, ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అక్టోబరు నుంచి మన తీరం వెంట ప్రవాహం దక్షిణానికి తిరుగుతుంది. భూమి తిరగడం వల్ల ఉత్తరార్ధగోళంలో ప్రవాహం నీటిని తన కుడివైపుకి నెట్టుకుంటుంది, దక్షిణానికి పోయే నీటికి కుడివైపున ఉన్నది మన ఒడ్డే. మార్చిలో ప్రవాహం ఉత్తరానికి పోతుంది, అప్పుడు నీరు ఒడ్డు నుంచి జరుగుతుంది. ఆ మంచినీటి పొరే ఇంకో పని కూడా చేస్తుంది. కింది చల్లని నీటిని పైకి రానివ్వకుండా మూతలా కూర్చుని, పైనీటిని వెచ్చగా ఉంచుతుంది. తుఫానుకి తిండి ఆ వెచ్చదనమే. సముద్రమట్టం పెరిగి ఉండే నెలలూ తుఫాను నెలలూ ఒకటే కావడం మన తీరానికున్న పెద్ద కష్టం.

1977 నవంబరు 19న దివిసీమ మీదికి ఉప్పెన వచ్చింది. ఆ రోజు కార్తీక శుద్ధ అష్టమి ప్రాంతం. మన లెక్క ప్రకారం చిన్న పోటు రోజులు. అయినా నీరు తాటిచెట్ల మధ్యకి, ఊళ్ల మీదికి గోడలా వచ్చింది, వేల మంది పోయారు. తుఫాను కేంద్రంలో గాలి పీడనం ఒక మిల్లీబారు తగ్గితే సముద్రం ఒక సెంటీమీటరు లేస్తుంది, 50 తగ్గితే అర మీటరు. మిగతా మీటర్లన్నీ గాలి తోసుకొచ్చినవే. డెల్టా ముందర లోతు తక్కువ, తోసిన నీరు అడుగు నుంచి వెనక్కి పోలేక ఒడ్డెక్కుతుంది.

చూసిన ఎత్తులోంచి తిథి చెప్పిన ఎత్తు తీసేస్తే మిగిలేదాన్ని ‘మిగులు’ అందాం. ఎండ, నదులు, గాలి, ప్రవాహం అన్నీ అందులోనే ఉంటాయి. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఉప్పెన అంచనా కట్టేది ఈ మిగులుకే.

వచ్చే పాఠానికి పని: పదిహేను రోజులు, రోజుకో పోటు. నోటుబుక్కులో నాలుగు గళ్లు గీయండి: లెక్క టైము, చూసిన టైము, స్తంభం మీద ఎత్తు, గాలి ఎటునుంచి. నాలుగో గడి మర్చిపోకండి, తర్వాతి పాఠం దానితోనే మొదలవుతుంది. తుఫాను హెచ్చరిక ఉన్న రోజు తీరానికి వెళ్లొద్దు. ఆ రోజు గళ్లు ఖాళీగా వదిలేసి, పక్కన తేదీ మాత్రం రాయండి.