పన్ను పీకించుకోకముందే బోన్ గ్రాఫ్ట్ గురించి అడగండి

మా అమ్మకి కింది దవడ పన్ను పీకినప్పుడు బోన్ గ్రాఫ్ట్, అంటే పన్ను పీకిన గుంటలో ఎముక లాంటి పదార్థం నింపడం, అనేది ఒకటుందని మాకెవరూ చెప్పలేదు, రెండేళ్ళ తర్వాత ఇంప్లాంట్ (ఎముకలో స్క్రూ దించి దాని మీద కట్టే పన్ను) పెట్టిద్దామని వెళ్తే ఎముక అరిగి సన్నబడిపోయింది, స్క్రూ దిగే చోటు లేదన్నారు. అందుకే నా పై ముందు పన్ను విరిగినప్పుడు కుర్చీ ఎక్కకముందే అడిగేశా.

పన్ను ఉన్నన్నాళ్ళే దాని చుట్టూ ఎముక నిలబడుతుంది, పన్ను పోతే కుంగుతుంది. ఏడాదిలో ఆ ఎముక వెడల్పు దాదాపు సగం పోవచ్చు, అందులో ఎక్కువ భాగం మొదటి 3 నెలల్లోనే. ముందు పళ్ళకైతే పెదవి వైపు ఎముక గోడ చాలామందికి 1 మి.మీ. కూడా ఉండదు కాబట్టి ముందు అదే పోతుంది. గ్రాఫ్ట్ వేస్తే అస్సలు తగ్గదని కాదు, బాగా తక్కువ తగ్గుతుంది. జ్ఞానదంతానికి మామూలుగా ఇది అక్కర్లేదు.

పదార్థం ఏంటో తప్పకుండా అడగండి. మన ఎముకే తీసి వేయొచ్చు, దాత ఎముక నుంచి చేసినవి ఉంటాయి, ఆవు ఎముక నుంచి చేసినవి ఉంటాయి, కాల్షియం ఫాస్ఫేట్‌తో ల్యాబ్‌లో తయారైనవీ ఉంటాయి. జంతువులవి వద్దనుకునేవాళ్ళు ముందే చెప్పాలి, గ్రాఫ్ట్ పైన కప్పే కొలాజెన్ (ఒక రకం ప్రోటీన్) పొర కూడా ఆవుదో పందిదో అయ్యుంటుంది, ఆ సంగతి చాలామందికి తెలీదు. షుగర్ ఉన్నా, రక్తం పల్చబడే మందులు వాడుతున్నా, ముఖ్యంగా ఎముకలు గుల్లబారకుండా అలెండ్రోనేట్, జోలెడ్రోనిక్ యాసిడ్ లాంటివి వాడినా దాచకండి, అలాగని మీ అంతట మీరు మాత్రలు ఆపేయకండి.

నాకు పన్నుని గట్టిగా గుంజకుండా సన్నటి పరికరంతో చుట్టూ వదులు చేసి తీశారు, గోడ విరక్కూడదు కదా. గుంటంతా గీకి శుభ్రం చేశాక చిన్న సీసాలోంచి ఉప్మా రవ్వంత తెల్లటి గింజలు గిన్నెలో పోసి సెలైన్‌తో తడిపితే తడి ఇసకలా ముద్దయ్యాయి, వాటిని గుంటలో నింపి మెల్లగా అదిమారు, గట్టిగా కూరితే మధ్యలో రక్తనాళాలు పెరగడానికి సందుండదట. పైన పొర కప్పి రెండు కుట్లు వేశారు, అంతే.

ఆ తర్వాతిదంతా మన చేతిలోనే ఉంటుంది. మొదటి రోజు ఉమ్మడం, పుక్కిలించడం, స్ట్రాతో తాగడం వద్దు, బయట చెంప మీద ఐస్ పెట్టుకోండి, చల్లారిన జావ, పెరుగన్నం తినండి. మర్నాటి నుంచి గోరువెచ్చని ఉప్పునీళ్ళు నోట్లో పోసుకుని తల అటూ ఇటూ వంచి వదిలేయండి. సిగరెట్, ఖైనీ, గుట్కా మాత్రం మానాల్సిందే, గ్రాఫ్ట్ పాడవడానికి అవి పెద్ద కారణం. నాలుగైదు గింజలు నోట్లోకొస్తే కంగారు పడకండి, నాకూ మూడో రోజు ఇడ్లీ తింటుంటే నాలిక మీద ఇసకలా తగిలాయి. మూడో రోజు దాటాక వాపు పెరిగినా, చీము, జ్వరం వచ్చినా మాత్రం వెంటనే వెళ్ళండి.

కుట్లు వారం పది రోజులకి తీస్తారు, ఎముక గట్టిపడటానికి మామూలుగా 4 నుంచి 6 నెలలు. అప్పుడు స్కాన్ తీసి చూసి ఇంప్లాంట్ పెడతారు, మరీ ఏళ్ళ తరబడి వదిలేస్తే కాపాడుకున్న ఎముక కూడా మళ్ళీ తగ్గొచ్చు, కాబట్టి ఆ డేట్ ఫోన్‌లో రిమైండర్ పెట్టేసుకోండి.