ఏడాది కారానికి ఏ మిరపకాయలు కొనాలి?

ఎర్రగా ఉంటే ఘాటుగా ఉంటుందనుకుని కొనేస్తారు చాలామంది, పొరపాటంతా అక్కడే. రంగు వేరు, ఘాటు వేరు. కొట్టుకు వెళ్లేముందే మీకు ఏది ఎక్కువ కావాలో తేల్చుకోండి.

ఘాటు కావాలంటే తేజ. సన్నగా, పొట్టిగా ఉండే కాయ, కొంచెం వేసినా నాలుక మండుతుంది, కాబట్టి చిన్నపిల్లలున్న ఇంట్లో వట్టి తేజతో కారం పట్టించొద్దు. రోజూ వంటకు గుంటూరు సన్నమే నా ఓటు, ఘాటూ రంగూ రెండూ సరిపడా ఉంటాయి. గుంటూరు దగ్గరి లాం వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన 334 రకం కూడా ఈ కోవలోదే, కొట్టులో నంబరు చెప్పి అడగొచ్చు.

ఇక రంగు సంగతి. కర్ణాటకలో హావేరి వైపు పండే బ్యాడిగి ఒళ్లంతా ముడతలతో ఉంటుంది, నూనెలో వేస్తే చక్కటి ఎరుపు దిగుతుంది, ఘాటు మాత్రం తక్కువ. మన దగ్గరే వరంగల్ చపాటా ఉంది, టమాటా మిరప అని కూడా అంటారు, పొట్టిగా లావుగా ఉండే ఆ కాయకి 2025లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. దీన్ని ఇంకా చాలామంది వాడి చూడలేదంటే నాకు బాధగా ఉంటుంది, ఆవకాయకి అంత మంచి రంగు ఇస్తుంది.

మా ఇంటి లెక్క 3 కిలోల సన్నానికి 1 కిలో బ్యాడిగి లేదా చపాటా, ఘాటు చాలదనిపిస్తే పావు కిలో తేజ.

కొనేటప్పుడు పైపైన చూసి ఊరుకోకుండా బస్తా అడుగు నుంచి గుప్పెడు తీయించండి. కాయ ఊపితే గింజలు గలగలలాడాలి, వంచితే విరగాలి, మెత్తగా వంగితే తేమ ఉన్నట్టే. నాలుగు కాయలు చీల్చి లోపల బూజు ఉందేమో చూడండి, బయటికి నిగనిగలాడే కాయలోనూ ఉంటుంది. తెల్లబారిన తాలు కాయలు ఎక్కువగా కనిపిస్తే ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. కోల్డ్ స్టోరేజీ నుంచి వచ్చిన పాత సరుకా, కొత్త పంటా అన్నది కూడా అడగండి, కొత్తదైతే మేలు.

గింజలు తీసేస్తే కారం తగ్గుతుందంటారు గానీ ఘాటు నిజానికి గింజలు అతుక్కుని ఉండే తెల్లటి ఈనెలో ఉంటుంది, తగ్గించాలంటే అది తీయాలి.

తొడిమలు తీసి 2 రోజులు మంచి ఎండలో పెట్టి మర పట్టించండి. మర నుంచి వచ్చిన పొడి వేడిగా ఉంటుంది, పళ్లెంలో పరిచి పూర్తిగా చల్లారాకే డబ్బాకెత్తండి, లేదంటే లోపల చెమ్మ పట్టి ఉండలు కడుతుంది.